మిగిలిన రూపాయి ఆ రోజే అప్పుకి పోవాలి

అప్పుల్లోంచి బయటపడాలంటే ఖర్చులు తగ్గించుకోమని అందరూ చెబుతారు. అది సగం మాటే. ఎందుకంటే పొద్దున కష్టపడి మిగిల్చిన రెండొందలు ఖాతాలోనే ఉంటే సాయంత్రానికి ఫోన్‌పేలో ఇంకెక్కడికో పోతాయి, నెలాఖరుకి చూసుకుంటే పొదుపూ కనపడదు, అప్పూ తగ్గదు. అందుకే నేను గట్టిగా చెప్పేది ఒక్కటే: మిగిల్చిన డబ్బుని మిగిల్చిన రోజే అప్పుకి కట్టేయండి, లేదా మీ చేతికి సులువుగా అందని చోట వేసేయండి. కింద చెప్పే అలవాట్లన్నీ ఈ ఒక్క పని చేస్తేనే పనికొస్తాయి.

ముందు అన్ని వడ్డీలనీ ఒకే లెక్కలోకి తెచ్చుకోండి

మన ఊళ్లలో వడ్డీని నెలకి నూటికి ఇన్ని రూపాయలు అని చెప్పుకుంటాం. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం, రెండు రూపాయలంటే 24, మూడంటే 36. డ్వాక్రా సంఘాలకి ఒకప్పుడు ఇచ్చిన పావలా వడ్డీ అంటే ఏడాదికి 3 శాతం. ఈ లెక్క అందరికీ వచ్చు. కానీ బ్యాంకు వాళ్లు ఏడాది లెక్క చెబుతారు, కార్డు వాళ్లు నెల లెక్క చెబుతారు, బండి ఫైనాన్స్ వాళ్లు ఫ్లాట్ రేటు అంటారు, యాప్ వాళ్లు ప్రాసెసింగ్ ఫీజు అని ముందే కోసుకుంటారు, దాంతో ఏ అప్పు మనల్ని ఎక్కువ తింటోందో తెలియకుండా పోతుంది.

ఒక నోట్‌బుక్ తీసుకుని ప్రతి అప్పుకీ ఎవరికి ఇవ్వాలి, అసలు ఇంకా ఎంత ఉంది, నూటికి ఎన్ని రూపాయల వడ్డీ, ఏ తారీఖున కట్టాలి, ఇవన్నీ రాయండి. చేబదుళ్లు కూడా రాయాలి. కిరాణా కొట్లో ఉద్దెర, బావమరిది దగ్గర వడ్డీ లేకుండా తెచ్చిన పదివేలు, ఫోను మీద నడుస్తున్న ఈఎంఐ, ఎత్తేసిన చీటీకి ఇంకా కట్టాల్సిన వాయిదాలు, అన్నీ అప్పులే. ఇంట్లో ఇద్దరూ కూర్చుని రాస్తే మంచిది, ఒకరికి తెలియని అప్పు ఇంకొకరి దగ్గర ఉంటే ఈ పని ముందుకు సాగదు.

క్రెడిట్ కార్డు సంగతి చూడండి. నెలకి 3.5 శాతం అంటే మూడున్నర రూపాయల వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే నాలుగు రూపాయలు దాటుతుంది. అంటే ఊళ్లో వడ్డీ వ్యాపారి అడిగే మూడు రూపాయల కన్నా ఎక్కువ. కార్డు మీద 40,000 బాకీ ఉండి, మినిమమ్ డ్యూ, అంటే ఆ నెల కనీసం కట్టాల్సింది, 5 శాతం చొప్పున 2,000 కట్టారనుకోండి, అందులో దాదాపు 1,650 వడ్డీకీ జీఎస్టీకీ పోతుంది, అసలులో తగ్గేది 350 మాత్రమే. పైగా బిల్లు పూర్తిగా కట్టకపోతే కొత్తగా కొన్న వాటికి కూడా కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. కాబట్టి బాకీ ఉన్నంతకాలం ఆ కార్డుని బీరువాలో పెట్టి తాళం వేయండి, ఆఫర్లు ఎన్ని వచ్చినా సరే.

ఫ్లాట్ రేటు దగ్గర కూడా జాగ్రత్త. లక్ష రూపాయలు రెండేళ్లకి 12 శాతం ఫ్లాట్ అంటే రూపాయి వడ్డీయే కదా అనిపిస్తుంది. కానీ మీరు నెలనెలా అసలు తీరుస్తున్నా వడ్డీ మాత్రం మొదటి లక్ష మీదే వేస్తున్నారు, అసలు లెక్క కడితే అది ఏడాదికి 21 శాతం దాటుతుంది. ఇక రోజువారీ ఫైనాన్స్: చేతికి 8,500 ఇచ్చి రోజుకి వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తే, తీరుస్తూ పోతున్న డబ్బు మీద ఆ వడ్డీ ఏడాదికి నూటికి నూరు దాటిపోతుంది. కూరగాయల బండ్ల దగ్గర, టిఫిన్ సెంటర్ల దగ్గర పొద్దున్నే వచ్చి వసూలు చేసుకెళ్లే వాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది, ఎందుకంటే ఆ చిన్న వ్యాపారి రోజంతా నిలబడి సంపాదించిన లాభంలో పెద్ద వాటా అక్కడే పోతోంది.

ఏది ముందు తీర్చాలి

ఎక్కువ వడ్డీ ఉన్నది ముందు. మిగతా వాటికి వాయిదా తప్పకుండా కడుతూ, పైన మిగిలిన ప్రతి రూపాయీ ఆ ఒక్కదానికే కొట్టండి. చిన్న అప్పు ముందు తీరిస్తే ధైర్యం వస్తుందని కొందరంటారు, అదీ తప్పు కాదు, కానీ నాలుగు రూపాయల వడ్డీ నడుస్తుండగా వడ్డీ లేని చేబదులు తీర్చి సంతోషపడటంలో నాకు అర్థం కనపడదు. ఆ చేబదులు ఇచ్చిన మనిషికి మాత్రం ఫోన్ చేసి ఫలానా నెలలో ఇస్తానని నోటితో చెప్పండి, మాట పోగొట్టుకోవద్దు.

ఇంట్లో బంగారం ఉంటే ఇదొక దారి. బయట 50,000 మూడు రూపాయల వడ్డీకి తెచ్చారంటే నెలకి 1,500 వడ్డీకే పోతోంది. అదే మొత్తం బ్యాంకులో గోల్డ్ లోన్‌గా ఏడాదికి 10 శాతానికి దొరికిందనుకుంటే నెలకి 420 రూపాయల లోపే. తేడా వెయ్యికి పైనే, ఆ వెయ్యిని అలాగే అసలుకి కట్టాలి. గాజులు తాకట్టు పెట్టడానికి ఇంట్లో మనసొప్పకపోవచ్చు, నిజమే, కానీ బీరువాలో గాజులు ఉంచుకుని బయట మూడు రూపాయలు కట్టడం ఆ గాజుల్ని కొంచెం కొంచెంగా అమ్ముకోవడమే. ఇక్కడ ప్రమాదం ఒకటుంది: ఏడాదికోసారి వడ్డీ మాత్రం కట్టి రెన్యూవల్ చేసుకుంటూ పోతే బంగారం ఎప్పటికీ ఇంటికి రాదు. ప్రతి నెలా ఎంతో కొంత అసలు కట్టాలి.

ఒక అప్పు తీర్చడానికి అంతకంటే ఎక్కువ వడ్డీకి ఇంకో అప్పు మాత్రం చేయొద్దు. 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మైక్రోఫైనాన్స్ అప్పులు ఎంత దూరం వెళ్లాయో పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. ఒకే ఇంటికి మూడు నాలుగు కంపెనీల అప్పులు, ఒక వారం కిస్తీ కట్టడానికి ఇంకో కంపెనీ దగ్గర తీసుకోవడం, చివరికి ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. ఇప్పుడు అదే పని లోన్ యాప్‌లతో జరుగుతోంది. అప్పిచ్చే యాప్‌ల జాబితా ఆర్‌బీఐ వెబ్‌సైట్‌లో ఉంది, అందులో లేని యాప్‌ని ఫోన్‌లోకి రానివ్వొద్దు. మీ కాంటాక్టులూ ఫోటోలూ అడిగిందంటే ఆ క్షణమే తీసేయండి. మోసపోతే సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేయండి.

చిన్న ఖర్చుల దగ్గర

టీ మానేయమని నేను చెప్పను. రోజంతా పని చేసే మనిషికి ఆ పది నిమిషాలు కావాలి, లక్షల అప్పు టీ వల్ల రాలేదు. తెలియకుండా పోయే డబ్బు వేరే చోట ఉంటుంది.

ముందు మీ యూపీఐ యాప్‌లో ఆటోపే అని ఉంటుంది, తెరిచి చూడండి. చూడని ఓటీటీలు, ఎప్పుడో ఫ్రీ ట్రయల్ అని ఒప్పుకున్నవి అక్కడ నెలనెలా కోసుకుంటూ ఉంటాయి. అవసరం లేనివి రద్దు చేయండి. ఫోన్ రీఛార్జ్ 28 రోజులది వేస్తే ఏడాదికి పన్నెండు సార్లు కాదు, పదమూడు సార్లు వేస్తున్నట్టు, వార్షిక ప్లాన్‌తో పోల్చి చూడండి. ఫుడ్ ఆర్డర్ పెట్టినప్పుడు బిర్యానీ ధర ఒక్కటే చూడకుండా ప్యాకింగ్, డెలివరీ, ప్లాట్‌ఫామ్ ఫీజు అన్నీ కలిపి చూడండి, నడిచి వెళ్లి తెచ్చుకుంటే ఎంత మిగిలేదో తెలుస్తుంది. మిగిలితే, మళ్లీ చెబుతున్నాను, ఆ తేడాని అప్పటికప్పుడే అప్పు ఖాతాకి పంపేయండి. యాభై రూపాయలైనా సరే. కార్డు బాకీకి చిన్న మొత్తాలు ఎన్నిసార్లైనా కట్టొచ్చు.

జీతంలోంచి ప్రతి సోమవారం ఆ వారం ఖర్చుకి సరిపడా డబ్బు వేరే ఖాతాలోకి పంపి, యూపీఐని ఆ ఖాతాకి మాత్రమే కలపండి. ఆదివారం అది ఖాళీ అయితే సోమవారం దాకా ఆగాలి. మొదట్లో ఇబ్బందిగా ఉంటుంది, తర్వాత గురువారం నుంచే మనసులో లెక్క మొదలవుతుంది.

కిరాణాలో మన అమ్మమ్మలు చేసినదే మంచి పద్ధతి: చింతపండు, ఎండుమిర్చి, కందిపప్పు, పసుపు కొత్త పంట మార్కెట్‌కి వచ్చే ఎండాకాలంలో ఏడాదికి సరిపడా కొని ఎండబెట్టి డబ్బాల్లో పోసుకోవడం. నలుగురు కలిసి తీసుకుంటే హోల్‌సేల్ ధరకే వస్తాయి. అయితే చేతిలో డబ్బు ఉంటేనే, అప్పు చేసి సరుకు నింపొద్దు. కూరగాయలకి రైతు బజార్ దగ్గర్లో ఉంటే వారానికోసారి సంచి పట్టుకుని వెళ్లండి, 1999లో మొదలైనప్పటి నుంచీ అక్కడ ధరలు బోర్డు మీద రాసే అమ్ముతున్నారు, బేరం గొడవ లేదు. బీపీ, షుగర్ మందులు ప్రతి నెలా కొనే ఇల్లయితే జనరిక్ మందుల గురించి డాక్టర్ని అడిగి జన ఔషధి కేంద్రంలో తీసుకోండి, బిల్లులో తేడా చాలా పెద్దది.

తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి ఆర్టీసీ బస్సుల్లో టికెట్‌కి డబ్బు లేదు. రోజూ ఉద్యోగానికి వెళ్లే అమ్మాయికి నెలకి వెయ్యి దాకా మిగలొచ్చు. ఆ వెయ్యి ఎక్కడికి పోతోంది అని అడిగితే చాలామంది దగ్గర జవాబు ఉండదు. జీతం పడిన రోజే దాన్ని టికెట్ కొన్నట్టుగానే పక్కకి తీసి అప్పుకి కట్టేయండి.

మళ్లీ అప్పు రాకుండా

మళ్లీ అప్పు చేయించేవి చాలావరకు ముందే తెలిసిన ఖర్చులే. జూన్‌లో స్కూలు ఫీజు వస్తుందని జనవరిలోనే తెలుసు. దసరా, సంక్రాంతి ఏ నెలలో వస్తాయో తెలుసు. పెళ్లిళ్లలో చదివింపులు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు, ఒడిబియ్యం, బండి ఇన్సూరెన్స్, ఇవన్నీ ఏటా ఉండేవే. ఫీజులు 36,000, పండగలు 12,000, చదివింపులు 10,000, బండికి 6,000 అనుకుంటే మొత్తం 64,000, నెలకి సుమారు 5,350. అది జీతంలోంచి నెలనెలా పక్కకి పోతేనే మన అసలు జీతం ఎంతో తెలుస్తుంది. పోస్టాఫీసు ఆర్డీ, అంటే నెలనెలా ఒకే మొత్తం వేసే పొదుపు, నెలకి వంద రూపాయలతో కూడా మొదలుపెట్టొచ్చు కానీ అది ఐదేళ్లది, ఏడాదిలో కావాల్సిన డబ్బుకి బ్యాంకులో ఏడాది ఆర్డీ సరిపోతుంది. చీటీ వేయాలనుకుంటే రిజిస్టరైన కంపెనీలో వేయండి, 1982 చట్టం కింద నిర్వాహకుడి కమీషన్ ఇప్పుడు 7 శాతానికి మించకూడదు. మొదటి నెలల్లోనే ఎక్కువ తగ్గించి పాడుకుంటే మాత్రం అది ఖరీదైన అప్పే అవుతుంది.

ఆసుపత్రి ఖర్చు మాత్రం చెప్పి రాదు. ఆరోగ్యశ్రీ (ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) మీ ఇంటికి వర్తిస్తుందో లేదో, మీ ఊరికి దగ్గర్లో ఏ ఆసుపత్రిలో తీసుకుంటారో ఇప్పుడే కనుక్కోండి, అత్యవసరంలో కాదు. బ్యాంకు ఖాతా ఉంటే ఏడాదికి 20 రూపాయలకి రెండు లక్షల ప్రమాద బీమా, 436 రూపాయలకి రెండు లక్షల జీవిత బీమా ఉన్నాయి, రెండోదాంట్లో చేరడానికి 50 ఏళ్ల లోపు ఉండాలి. మే చివర్లో ఆ డబ్బు కోసుకుంటారు, అప్పటికి ఖాతాలో బ్యాలెన్స్ ఉంచండి.

హామీ సంతకం పెట్టొద్దు. అన్నయ్య అడిగినా, స్నేహితుడు అడిగినా. తీసుకున్నవాడు కట్టకపోతే చట్టప్రకారం హామీదారుడిదీ అంతే బాధ్యత. కాదనడం కష్టమే, అందుకని ముందే ఇంట్లో అనుకుని, “మా ఇంట్లో ఎవరికీ సంతకం పెట్టకూడదని అనుకున్నాం అన్నయ్యా, ఈ ఐదువేలు ఉంచు” అని, తిరిగి రాకపోయినా తట్టుకోగలిగినంత ఇచ్చేయండి.

అప్పు తీరిన రోజు

కాగితాల పని ఆ వారంలోనే పూర్తి చేయండి. ప్రోనోటు మీద తెచ్చిన అప్పయితే కట్టినప్పుడల్లా నోటు వెనకాల చెల్లు రాయించి ఫోటో తీసుకోండి, వీలైతే బ్యాంకు ద్వారానే పంపండి, పూర్తయ్యాక నోటూ, ఇచ్చిన ఖాళీ చెక్కులూ వెనక్కి తీసుకోండి. బండి లోను తీరితే బాకీ లేదని ఇచ్చే ఎన్‌వోసీ కాగితం తీసుకుని ఆర్సీలో ఫైనాన్స్ పేరు తీయించాలి. ఇంటి లోను తీరితే 30 రోజుల్లో దస్తావేజులు ఇవ్వాలి, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 చొప్పున మీకు చెల్లించాలని 2023లో ఆర్‌బీఐ చెప్పింది. రెండు మూడు నెలల తర్వాత మీ అప్పుల చరిత్ర చూపించే సిబిల్ రిపోర్టు తీసి ఆ లోను క్లోజ్ అయినట్టు ఉందో లేదో చూడండి, ఏడాదికోసారి ఉచితంగానే వస్తుంది. ఇక వచ్చే నెల అదే తారీఖున, అదే మొత్తం, మీ పేరు మీద ఆర్డీలోకి వెళ్లేలా బ్యాంకులో ముందే పెట్టేయండి.