చేతికి చిక్కని పిల్లికి మందు వేయడం ఎలా

మా చుక్క ఒళ్లోకి వచ్చే పిల్లి కాదు. ఆరేళ్లుగా మా ఇంట్లోనే తింటోంది, పత్తి బుట్టల మధ్యే నిద్రపోతోంది. కానీ రెండు చేతులతో ఎత్తుకోబోతే గోళ్లు బయటికి వస్తాయి. మాది పొందూరు. మా అత్త నూలు వడుకుతుంది, నేను పక్క గదిలో మిషను కుడతాను. పత్తి ఏకడానికి వాడే వాలుగ చేప దవడ వాసనకే చుక్క మొదటిసారి మా గుమ్మం ఎక్కిందని మా అత్త నమ్మకం. అప్పటికే అది మనిషి చెయ్యి తెలియకుండా పెరిగిన పెద్ద పిల్లి.

రెండేళ్ల కిందట ఒక గండుపిల్లి దాన్ని తోక మొదట్లో కరిచింది. మూడో రోజుకి అక్కడ నిమ్మకాయంత వాపు, చీము. శ్రీకాకుళం తీసుకెళ్తే డాక్టరుగారు గడ్డ కోసి శుభ్రం చేసి, ఏడు రోజులు పూటకొకసారి వెయ్యమని యాంటీబయాటిక్ ద్రవం రాసిచ్చారు. మొదటి పూట నేను ఆ సీసా పట్టుకుని ఇల్లంతా దాని వెనకే తిరిగాను. మంచం కింద నుంచి బీరువా వెనక్కి, అక్కణ్ణుంచి అటక మీదకి. చివరికి పట్టుకున్నాను కానీ మందు సగం నా చీర మీద పడింది, మోచేతి దాకా గీతలు పడ్డాయి. మా అత్త రాట్నం ఆపి అంది: "ఓలమ్మ, అలగ ఎంటబడితే దొరుకుతాదేటి? ముందు నువ్వు కూకో."

నేను నేర్చుకున్న పద్ధతి అంతా ఆ మాట నుంచి మొదలైంది. మందు నోట్లో పడటానికి పట్టేది పది సెకన్లు. పాడయ్యేదంతా దానికి ముందు, తరుముకునే పదిహేను నిమిషాల్లోనే. పిల్లికి భయం పుట్టేది కూడా అప్పుడే. అందుకే పిల్లిని ముట్టుకోక ముందే సగం పని పూర్తి కావాలి.

గది నుంచి మొదలుపెట్టండి. మందు టైముకి ఓ గంట ముందే పిల్లిని మంచం, బీరువా లేని చిన్న గదిలోకి రప్పించి తలుపు వేసెయ్యండి. మేము సామాన్ల గది వాడాం. మూలల్లో సందులుంటే బస్తా అడ్డం పెట్టండి. నడుము ఎత్తు బల్ల ఉంటే మంచిది, లేకపోతే నేల చాలు. మందు, సూది తీసేసిన సిరంజి, తువ్వాలు, బహుమతిగా పెట్టే తిండి, అన్నీ చేతికి అందేలా సిద్ధం చేసుకున్నాకే లోపలికి వెళ్లండి. పిల్లిని పట్టుకున్నాక సీసా మూత తిప్పుతూ కూర్చుంటే ఆ పూట మందు పడదు. ఫ్రిజ్‌లో పెట్టే మందైతే, సిరంజిలోకి ఎక్కించాక దాన్ని గుప్పిట్లో ఓ నిమిషం పట్టుకోండి. చల్లటి చుక్క తగలగానే పిల్లి తల విదిలిస్తుంది.

తువ్వాలు ముందు రోజు నుంచే అది పడుకునే చోట పరిచి ఉంచండి. పిల్లి వాసన తువ్వాలుకి అంటుకోవాలి. కొత్త తువ్వాలు వద్దు, సబ్బు వాసన కొట్టేది అసలే వద్దు. మా ఇంట్లో పాత ముతక పంచె రెండు మడతలు వేస్తాం. పలచటి గుడ్డలోంచి గోళ్లు దిగిపోతాయి.

ఇక చుట్టడం. పంచె నేల మీద పరిచి పిల్లిని మధ్యలో, దాని మొహం మీకు అవతలి వైపు ఉండేలా కూర్చోబెట్టండి. ఎదురుగా మీ మొహం కనిపించకపోతే దానికి కాస్త ధైర్యం. ముందు ఎడమ అంచు తెచ్చి మెడ కింద నుంచి తిప్పి ఒళ్లంతా కప్పండి, తర్వాత కుడి అంచు. ముందు కాళ్లు రెండూ లోపలే ఉండాలి, ఒక్క కాలు బయట ఉన్నా పని చెడుతుంది. మెడ దగ్గర ఒక వేలు దూరేంత వదులు, మిగతా చోట్ల దగ్గరగా. నేను మోకాళ్ల మీద కూర్చుని ఆ మూటని తొడల మధ్య పెట్టుకుంటాను. వెనక్కి జారడానికి దానికి చోటుండదు, నేను నొక్కాల్సిన అవసరమూ ఉండదు. మెడ మీద చర్మం పట్టి ఎత్తడం మాత్రం వద్దు. అది తల్లి కూనని మోసే తీరు. పెద్ద పిల్లి అలా పట్టుకుంటే కదలకుండా ఉంటుంది కానీ లోపల భయంతో బిగుసుకుపోతుంది, మర్నాడు మిమ్మల్ని దగ్గరికే రానివ్వదు.

ద్రవం మందైతే తల పైకెత్తకండి. తల వెనక్కి వాల్చి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. తల మామూలుగా ఉంచి, సిరంజి మొనని పెదవి పక్క నుంచి, కోరపన్ను వెనకాల ఉండే ఖాళీలోకి పెట్టండి. అక్కడ బుగ్గ సంచిలా ఉంటుంది. అర మిల్లీలీటరు వదిలి ఆగండి, మింగనివ్వండి, మళ్లీ అర. ఒక్కసారిగా తోసేస్తే దగ్గు వస్తుంది, సగం బయటికి వస్తుంది. నోట్లోంచి నురగ వస్తే కంగారు పడకండి. చేదు మందుకి పిల్లులు అలాగే చొంగ కారుస్తాయి. మూతి తుడిచి, ఉప్పు లేకుండా చేపలు ఉడికించిన నీళ్లు ఓ చెంచా పెట్టండి. మింగిందో, ఉమ్మేసిందో తెలియకపోతే అంచనా మీద మళ్లీ పూర్తి మోతాదు వెయ్యొద్దు. డాక్టరుకి ఫోన్ చేసి అడగండి. ఒక పూట మర్చిపోయినా అంతే, తర్వాతి పూట రెండింతలు పొయ్యకండి.

బిళ్ల సంగతి నాకు కిందటి చలికాలంలో తెలిసింది. చుక్కకి జలుబు చేసి కళ్లు పుసులు కట్టి, తుమ్ములు. ఈసారి డాక్టరుగారు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ బిళ్లలు ఇచ్చారు, మూడు వారాలకి. మూడు వారాలు, రోజూ పంచె చుట్టడం అంటే దానికీ నాకూ కష్టమే. అందుకని ముందు తిండిలో ప్రయత్నించాను. అయితే గిన్నెడు అన్నంలో కలపకండి. అది వాసన చూసి వదిలేస్తే మందూ పోయింది, ఆ గిన్నె మీద నమ్మకమూ పోయింది. మూడు చిన్న ఉండలు చెయ్యండి, బఠానీ గింజంత. ముళ్లు తీసి ఉడికించిన నెత్తళ్లతోనో, ఉడికిన కోడిమాంసంతోనో. మొదటిది ఖాళీ, రెండోదాంట్లో బిళ్ల, మూడోది మళ్లీ ఖాళీ. రెండోది నోట్లో ఉండగానే మూడోది మూతి ముందు కనిపించాలి. అప్పుడే నమలకుండా గబుక్కున మింగుతుంది. బిళ్ల పట్టుకున్న వేళ్లతో ఖాళీ ఉండలు చుట్టకండి. ఆ చేదు వాటికీ అంటుకుంటే మొదటి ఉండ దగ్గరే ఆట కట్టు. తీరం నుంచి టీవీఎస్ బండి మీద చేపలు తెచ్చే ఆయన దగ్గర నేను పొద్దున్నే గుప్పెడు పచ్చి నెత్తళ్లు తీసి పెట్టమనేదాన్ని. ఎండు నెత్తళ్లలో ఉప్పు ఎక్కువ, అవి వద్దు. పులుసులో ముక్క అంతకంటే వద్దు, ఉల్లి, వెల్లుల్లి రెండూ పిల్లికి విషమే. డాక్సీసైక్లిన్‌ని పాలు, పెరుగు, పనీరుతో ఇవ్వకండి, వాటిలో కాల్షియం వల్ల మందు సరిగా ఒంటబట్టదు. ఏ బిళ్లనైనా పొడి చేసే ముందు, విరిచే ముందు డాక్టరుని అడగండి. కొన్నింటికి పైపూత ఉంటుంది, అది పోతే పని చెయ్యకపోవచ్చు.

తొమ్మిదో రోజుకి చుక్క ఉండల గుట్టు కనిపెట్టేసింది. అప్పుడు మళ్లీ పంచె. బిళ్ల నోట్లో వెయ్యడం ఇలా: ఎడమ చెయ్యి తల మీద బోర్లించి, బొటనవేలు ఒక వైపు చెంప ఎముక మీద, మిగతా వేళ్లు రెండో వైపు. మీసాలు నలగకుండా చూసుకోండి. ఇక్కడ తల కొద్దిగా పైకెత్తాలి, ముక్కు కప్పు వైపు చూసేంత. అప్పుడు కింది దవడ కాస్త వదులవుతుంది. కుడి చేతి చూపుడు వేలికీ బొటనవేలికీ మధ్య బిళ్ల పట్టుకుని, మధ్య వేలితో కింది ముందుపళ్ల మీద మెల్లగా నొక్కి నోరు తెరవండి. బిళ్ల నాలుక వెనక భాగంలో, నడి మధ్యలో పడాలి. ముందు పడితే ఉమ్మేస్తుంది. పడగానే నోరు మూసి, తల మామూలుగా దించి, గొంతు మీద పైనుంచి కిందికి వేలితో రాయండి. నాలుకతో ముక్కు నాకిందంటే మింగినట్టే. బిళ్లకి ముందే చిటికెడు నెయ్యి రాస్తే అతుక్కోకుండా జారుతుంది.

ఆ వెంటనే నీళ్లు తాగించడం మర్చిపోవద్దు. పిల్లి గొంతు గొట్టంలో పొడి బిళ్ల చాలాసేపు ఇరుక్కుని ఉండిపోగలదు. డాక్సీసైక్లిన్ అలా ఇరుక్కుంటే గొట్టం లోపలి పొర కాలినట్టు పుండు పడి, మానాక ఆ చోటు సన్నబడిపోతుంది. ఆ తర్వాత పిల్లి ఏం తిన్నా కక్కేస్తుంది. ప్రతి బిళ్ల తర్వాత సిరంజితో అయిదు మిల్లీలీటర్ల నీళ్లు, ద్రవం మందు పోసినట్టే బుగ్గ పక్క నుంచి, నెమ్మదిగా. లేదా వెంటనే తడి తిండి.

అయిపోగానే పంచె విప్పి, బహుమతి ముద్ద నేల మీద పెట్టి, మీరు కదలకుండా ఉండండి. అదే బయటికి రావాలి, అదే తినాలి. తలుపు తొందరపడి తెరవకండి. నేను ఆ రెండు నిమిషాలూ గోడకి ఆనుకుని కూర్చుని, చుక్క వంక చూడకుండా బొత్తాలు కుట్టుకునేదాన్ని.

మూడుసార్లు ప్రయత్నించినా కుదరకపోతే వదిలెయ్యండి. ఓ అరగంట పోయాక మళ్లీ చూడండి. కుక్కలా నోరు తెరిచి రొప్పితే మాత్రం అప్పటికప్పుడు ఆపెయ్యాలి. అది కాసేపటికీ తగ్గకపోతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఎంతకీ చేతికి రాని పిల్లి విషయం డాక్టరుకి ముందే చెప్పండి, సిగ్గుపడక్కర్లేదు. బిళ్ల బదులు ద్రవమో, సూదిమందో వీలవుతుందేమో వాళ్లు చూస్తారు. నులిపురుగులకైతే మెడ వెనక చర్మం మీద వేసే చుక్కల మందులూ ఉన్నాయి. అవి పిల్లులకోసం చేసినవే అయ్యుండాలి. కుక్కల పిడుదులకి వాడే పెర్మెత్రిన్ చుక్కలు పిల్లి ప్రాణం తీస్తాయి. మందు మోతాదు బరువుని బట్టి ఉంటుంది కాబట్టి, పిల్లిని బుట్టలో పెట్టి మీరు ఎత్తుకుని కాటా ఎక్కండి, తర్వాత ఖాళీ బుట్టతో ఎక్కండి. తేడా దాని బరువు.

చుక్క కంటే ముందు మా ఇంట్లో ఇంకో పిల్లి ఉండేది, తెల్లది. ఒళ్లు వేడిగా ఉందని ఒక మందుల షాపులో అడిగితే, పిల్లలకిచ్చే పారాసిటమాల్ ఇచ్చారు, నేను వేశాను. సాయంత్రానికి మొహం, పాదాలు వాచాయి, చిగుళ్లు గోధుమరంగుకి తిరిగాయి, ఊపిరి అందలేదు. తెల్లారేసరికి పోయింది. పారాసిటమాల్‌ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి లేదని తర్వాత తెలిసింది. ఒక్క బిళ్ల చాలు చంపడానికి. ఐబుప్రోఫెన్ కూడా ప్రమాదమే. మనుషుల మందు ఏదైనా డాక్టరు చెప్పకుండా పిల్లికి వెయ్యకండి, ఈ ఒక్కటీ నా మాట వినండి. పొరపాటున వేసి ఉంటే లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే బయల్దేరండి. విజయనగరం వైపు వాళ్లకి గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది.

పిల్లి కరిచినా, రక్తం వచ్చేలా గీరినా, ఆ చోటు సబ్బుతో, పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా సంగతి అడగండి. పసుపు, సున్నం, కారం పెట్టి కట్టు కట్టేయొద్దు. జబ్బు పిల్లి ఒక రోజు మొత్తం ఏమీ తినకపోతే అదీ డాక్టరుకి చెప్పాల్సిన సంగతే. ఉపవాసం ఉంటే పిల్లి కాలేయం తొందరగా పాడవుతుంది.

తగ్గిపోయినట్టు కనిపించినా మందు మధ్యలో ఆపకండి. చుక్క తుమ్ములు ఎనిమిదో రోజుకే ఆగాయి, నేను ఇరవై ఒక్క రోజులూ వేశాను. ఆఖరి బిళ్ల అయ్యాక మరో పది రోజులు అదే గదిలో, అదే టైముకి, ఖాళీ నెత్తళ్ల ఉండలు మాత్రమే పెట్టాను. పంచె పక్కనే పరిచి ఉంచాను కానీ చుట్టలేదు. నాలుగో రోజు అది వాసన చూసింది, ఆరో రోజు దాని మీద కూర్చుని తింది.