భర్త పోయిన అక్కకి సంఘం ఎలా తోడుండాలి

మన సంఘంలో ఎవరైనా చనిపోతే భూస్థాపనకి అందరం వెళ్తాం, జ్ఞాపకార్థ కూటంలో పాటలు పాడి ప్రార్థన చేసి భోజనాలు చేసి వచ్చేస్తాం, ఆ తర్వాత ఆ ఇంటి గుమ్మం తొక్కేవాళ్లే ఉండరు. యాకోబు పత్రిక 1:27లో నిజమైన భక్తి అంటే దిక్కులేని పిల్లల్ని, విధవరాండ్రని వాళ్ల ఇబ్బందుల్లో పరామర్శించడం అని అంత స్పష్టంగా ఉంటే మనం క్రిస్మస్‌కి ఒక చీర ఇచ్చి సరిపెట్టేస్తున్నాం. అసలు పరామర్శ ఆ కూటం మర్నాడే మొదలవ్వాలి.

ముందు స్త్రీల కూడికలో ఇద్దర్ని ఒప్పించండి, కనీసం ఏడాది పాటు వాళ్లిద్దరే వెళ్లాలి, మనుషులు మారుతుంటే పాపం ఆమె ప్రతిసారీ మొత్తం మొదట్నుంచి చెప్పుకోవాలి. పాస్టర్ గారైనా సరే ఒంటరిగా వెళ్లొద్దు, ఊళ్లో మాట పడేది ఆమే. "ఏమైనా కావాలంటే చెప్పమ్మా" అంటే ఎవరూ నోరు తెరిచి చెప్పరు, బియ్యం ఎన్నాళ్లకి వస్తాయి, పిల్లల ఫీజు ఎప్పుడు కట్టాలి అని మీరే అడగండి.

తర్వాత కాగితాలు. ఇక్కడే చాలామంది నష్టపోతున్నారు. మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే ఫైన్ ఉండదు, ఏడాది దాటితే మెజిస్ట్రేట్ ఆర్డర్ దాకా వెళ్లాలి, కాబట్టి ఏడుపులో ఉన్న మనిషిని తిప్పకుండా మీరే తోడుండి చేయించండి. ఆ సర్టిఫికెట్ రాగానే ఆయన బ్యాంకు పాస్‌బుక్ ప్రింట్ వేయించి మే నెలాఖరు ఎంట్రీలు ఒక్కొక్కటీ చూడండి, 436 రూపాయలు కట్ అయి ఉంటే ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ఉన్నట్టే, నామినీకి 2 లక్షలు వస్తాయి, 20 రూపాయలు కట్ అయి ఉంటే అది ప్రమాద బీమా. ఇంట్లో వాళ్లకి ఇది తెలియనే తెలియదు చాలాసార్లు. ఆలస్యం చేయకుండా ఆ బ్రాంచిలోనే క్లెయిమ్ ఫారం అడగండి. ఆంధ్రలో వితంతు పింఛను 2024 జూలై నుంచి 4,000, దానికి మీ గ్రామ లేదా వార్డు సచివాలయంలో అడగాలి, ఆమెని ఒక్కదాన్నే పంపకండి.

పిల్లల్ని హాస్టల్లో పడేద్దాం అని పెద్దలు తొందరపడతారు, దయచేసి వద్దు, తండ్రి పోయిన పిల్లలకి తల్లి కూడా దూరమైతే ఎలా? తల్లి దగ్గరే ఉండి చదువుకునే పిల్లలకి మిషన్ వాత్సల్య కింద నెలకి 4,000 స్పాన్సర్‌షిప్ ఉంది, పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000, పట్నాల్లో 96,000 మించకూడదు, జిల్లా బాలల సంరక్షణ విభాగంలో అప్లై చేయాలి.

సంఘం డబ్బు ఇస్తే కవర్లో పెట్టి ఇంటికెళ్లి ఇవ్వండి, ఆదివారం స్టేజీ మీదకి పిలవడం, వాట్సాప్‌లో ఫొటో పెట్టడం వద్దు. అపొస్తలుల కార్యములు 6లో విధవరాండ్రకి రోజూ ఇచ్చే దాంట్లో కొందరికి అన్యాయం జరుగుతోందని సణుగు వస్తే ఏడుగురు మంచిపేరున్న వాళ్లని ప్రత్యేకంగా ఆ పనికే పెట్టారు కదా, మీరు కూడా లెక్క రాసే మనిషిని పెట్టండి. పక్కింటి అక్క మన గుడికి రాదు కదా అని వదిలేయొద్దు, రమ్మని షరతు కూడా పెట్టొద్దు.

అప్పులవాళ్లు ఇంటి మీదకొస్తే మాత్రం ఆమెతో ఏ కాగితం మీదా సంతకం పెట్టనివ్వకండి. ఆమె సంతకం లేని అప్పు, ఆయన వదిలిన ఆస్తి మేరకే తప్ప ఆమె కష్టార్జితం మీద పడదు. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయర్ని ఇస్తారు, జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్లండి లేదా 15100కి ఫోన్ చేయండి.