మాంసం లేకుండా సరిపడా ప్రొటీన్ – 3వ పాఠం: గిన్నెలో పప్పెంత, నీళ్లెంత?

గత పాఠం చివర మీకో పని ఇచ్చాను. మీ బరువును కిలోల్లో రాసుకుని 0.83తో హెచ్చవేసి, వచ్చిన అంకెను నోట్‌బుక్ మొదటి పేజీలో రాసిపెట్టుకోమన్నాను. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007 నివేదికలోని లెక్క. 60 కిలోల మనిషికి అది 50 గ్రాములు అవుతుంది. ఈ పాఠంలో ఉదాహరణలన్నీ ఆ 50కే చేస్తాను, మీరు మీ అంకెతో చేసుకోండి. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, పిల్లలకు లెక్క వేరు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాత్రం డాక్టరు చెప్పిన అంకెనే పట్టుకోవాలి, ఇక్కడి గుణకారం వాళ్లకు కాదు.

ఇవాళ నేర్చుకోవలసింది కంచంలో ఉన్న ప్రొటీన్‌ను గ్రాముల్లో చెప్పగలగడం. ఒక చిన్న డిజిటల్ కాటా, నోట్‌బుక్, పెన్ను దగ్గర పెట్టుకోండి.

తూకం పొయ్యి ఎక్కకముందే

పోషకాల పట్టిక తీసి చూస్తే మసూర్ పప్పు ఎదురుగా 100 గ్రాములకు 24 గ్రాములని ఉంటుంది. మధ్యాహ్నం తిన్న గిన్నెడు పప్పు 200 గ్రాములు తూగింది కాబట్టి 48 గ్రాములు వచ్చేసినట్టేనని, ఇక రోజంతా టెన్షన్ లేదని చాలామంది అనుకుంటారు. ఆ 24 ఎండు పప్పుకు రాసిన అంకె. గిన్నెలో ఉన్నది చాలావరకు నీళ్లు.

నమ్మకం కుదరకపోతే ఒకసారి చేసి చూడండి. ముందు ఖాళీ గిన్నె బరువు రాసుకోండి. 100 గ్రాముల ఎండు పప్పు తూచి, మెత్తగా, గట్టిగా ఉడికించండి. గిన్నె బరువు తీసేస్తే పప్పు సుమారు 260 గ్రాములు తూగుతుంది. ప్రొటీన్ మాత్రం అదే 24 గ్రాములు. అంటే ఉడికిన పప్పులో 100 గ్రాములకు 9 గ్రాములు. ఇప్పుడు దాంట్లో నీళ్లు పోసి, పోపు పెట్టి, మొత్తం 600 గ్రాములు అయ్యేదాకా జారుగా చేయండి. 100 గ్రాములకు 4 గ్రాములే మిగిలాయి. 150 గ్రాముల గిన్నెడు తాగేస్తే ఒంటికి చేరేది 6 గ్రాములు. 50లో 6 అన్నమాట! 'రోజూ పప్పు తింటున్నాం కదా' అనే మాట ఎంత నిజమో, ఎంత మోసమో ఈ ఒక్క ప్రయోగంతో తెలిసిపోతుంది.

అందుకే నా పద్ధతి వండాక తూచడం కాదు. పొయ్యి మీద పెట్టే ముందు ఎండు బరువు రాసుకుంటాను, తర్వాత ఎంతమంది తిన్నారో దాంతో భాగిస్తాను. నలుగురు సమానంగా తినే ఇంట్లో 100 గ్రాముల పప్పు వండితే తలా 6 గ్రాములు. 300 గ్రాములు వండితే తలా 18. ఎన్ని నీళ్లు పోశారో, ఎంత చిక్కగా ఉందో అడగక్కర్లేదు. ఒకరు రెండుసార్లు వడ్డించుకుంటే ఆ రోజుకు వాళ్లను ఇద్దరి కింద లెక్కేయండి, అంతకంటే సూక్ష్మంగా పోనక్కర్లేదు.

లెక్కలోకి రాని సగం

ప్రొటీన్ అనగానే అందరి చూపూ పప్పుల మీదికే పోతుంది. ధాన్యాన్ని ఎవరూ లెక్కపెట్టరు. పచ్చి బియ్యం 100 గ్రాముల్లో సుమారు 7, గోధుమపిండిలో సుమారు 12 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. మన 60 కిలోల మనిషి రోజుకు 150 గ్రాముల బియ్యం, 100 గ్రాముల గోధుమపిండి తింటే అక్కడే 22 గ్రాములు వచ్చాయి. 50లో దాదాపు సగం.

ఈ లెక్క చూశాక కొందరికి ఇంకో ఆలోచన వస్తుంది. ధాన్యంతోనే 50 నింపేస్తే పోలేదా? గోధుమపిండి 420 గ్రాములు తింటే 50 వచ్చేస్తుంది కదా?

ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి. ఈ పాఠం మొత్తానికి కష్టమైన ముక్క ఇదే.

ప్రొటీన్ అంతా అమైనో ఆమ్లాలనే చిన్న ఇటుకలతో కట్టినదే. వాటిలో మన శరీరం సొంతంగా తయారు చేసుకోలేనివి 9 ఉన్నాయి. అవి తిండిలోనుంచే రావాలి. ఏ ఒక్కటి తక్కువ పడినా కొత్త ప్రొటీన్ కట్టడం అక్కడికే ఆగుతుంది, మిగిలిపోయిన ఎనిమిదీ దాచుకునే చోటు లేదు కాబట్టి ఇంధనంగా కాలిపోతాయి. మాంసం లేని తిండిలో ముందుగా తక్కువ పడేది దాదాపు ఎప్పుడూ లైసిన్. పెద్దవాళ్లకు రోజుకు కిలో బరువుకు 30 మిల్లీగ్రాములు కావాలి. మన 60 కిలోల మనిషికి 1800.

ఒక్కో గ్రాము ప్రొటీన్‌లో లైసిన్ సుమారుగా గోధుమలో 27, బియ్యంలో 37, సోయాలో 63, పప్పుల్లో 70, పాలల్లో 80 మిల్లీగ్రాములు ఉంటుంది. ఈ అయిదు అంకెలూ నోట్‌బుక్‌లో రాసుకోండి, మళ్లీ మళ్లీ అవసరపడతాయి.

ఇప్పుడు గోధుమతోనే 50 గ్రాములు నింపిన మనిషిని చూద్దాం. 50ని 27తో హెచ్చవేస్తే 1350. కావలసింది 1800. ప్రొటీన్ కాగితం మీద సరిపోయింది, లైసిన్ నాలుగో వంతు తక్కువ పడింది.

అదే 22 గ్రాములు ధాన్యం నుంచి తీసుకుని మిగతాది మారిస్తే ఎలా ఉంటుంది? గోధుమ 12 గ్రాములకు 324, బియ్యం 10 గ్రాములకు 370, కలిపి సుమారు 700. దీనికి 70 గ్రాముల ఎండు పప్పు చేర్చండి. 17 గ్రాముల ప్రొటీన్, 1190 లైసిన్. 300 మిల్లీలీటర్ల పాలో, అంత పెరుగో చేరిస్తే 10 గ్రాములు, 800 లైసిన్. మొత్తం 49 గ్రాముల ప్రొటీన్, దాదాపు 2700 లైసిన్. కావలసిన దానికి ఒకటిన్నర రెట్లు. పాలు తాగని వాళ్లు ఆ చోట 20 గ్రాముల మీల్ మేకర్ వేసుకుంటే 10 గ్రాములు వస్తాయి. ఎండు మీల్ మేకర్‌లో సగం బరువు ప్రొటీనే కాబట్టి పట్టిక కూడా అక్కర్లేదు, బరువును రెండుతో భాగిస్తే చాలు.

ఆ తొమ్మిదిలో ఇంకొకటైన మెథియోనిన్ పప్పుల్లో తక్కువగా, ధాన్యంలో బాగానే ఉంటుంది. అంటే ఒకదాని కొరత ఇంకొకటి తీరుస్తుంది. ఈ రెంటినీ ఒకే పూట కలిపి తినాలా అని అడుగుతారు. 1970లలో అలాంటి సలహా బాగా ప్రచారంలోకి వచ్చింది, తర్వాత పోషకాహార నిపుణులే దాన్ని వదిలేశారు. పొద్దున పప్పు, రాత్రి రొట్టె అయినా ఫరవాలేదు. రోజు మొత్తం మీద సరిపోతే చాలు.

గింజలు, పాలు కాని 'పాలు'

పల్లీల్లో 100 గ్రాములకు 25 గ్రాముల ప్రొటీన్, అంటే పప్పుతో సమానం. అయితే ఆ 100 గ్రాములతో 560కి పైగా క్యాలరీలు వస్తాయి, అదే పప్పుతో 350. బాదం కూడా పల్లీల దారే. గుప్పెడు, అంటే 30 గ్రాములు, రోజుకు చాలు. అందులో వచ్చే 6–7 గ్రాములు లెక్కలో వేసుకోండి, కానీ 50 నింపే భారం వాటి మీద పెట్టకండి.

బాదం పాలు ఇంకో తంటా. ప్యాకెట్లలో అమ్మే వాటిలో గ్లాసుకు 1 గ్రాము ప్రొటీన్ ఉంటే గొప్ప. సోయా పాలల్లో 6–7 ఉంటుంది. పేరు చివర 'పాలు' ఉంది కదా అని రెంటినీ ఒకే గాటన కట్టేయకూడదు. ప్యాకెట్ వెనక చదివేటప్పుడు అంకె 100 గ్రాములకా, 'ఒక సర్వింగ్'కా అన్నది ముందు చూడండి, ఆ తర్వాతే అంకె చూడండి.

అరుగుదల

పప్పులు, గింజల ప్రొటీన్ పాల ప్రొటీన్ అంత పూర్తిగా అరగదు. నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం, బాగా ఉడికించడం వల్ల అరుగుదల పెరుగుతుంది. ఆహారమంతా మొక్కల నుంచే తీసుకునేవాళ్లు తమ అంకెకు పదో వంతు కలుపుకోవడం మంచిదని నా సలహా. 50 ఉన్నచోట 55 అనుకోండి.

రాజ్మా విషయంలో మాత్రం ఉడకడం అరుగుదలతో ఆగే సంగతి కాదు. సరిగా ఉడకని ఎర్ర రాజ్మాలో ఫైటోహీమగ్లుటినిన్ అనే విషపదార్థం ఉంటుంది. నాలుగైదు గింజలకే వాంతులు పట్టుకోవచ్చు. కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో 30 నిమిషాలు తెర్లించాలి. స్లో కుక్కర్‌లో పచ్చివి వేయవద్దు, ఆ వేడి దాన్ని విరగ్గొట్టదు.

ప్రొటీన్ పౌడర్ గురించి అడగబోయేవాళ్లకు ముందే చెబుతున్నాను: పై లెక్క ఒకసారి వేసి, నిజంగా ఎంత తక్కువ పడుతోందో చూశాకే ఆ డబ్బా గురించి ఆలోచించండి. చాలామందికి రోజుకు ఇంకో 40 గ్రాముల ఎండు పప్పుతో తీరిపోయే లోటు అది.

వచ్చే పాఠం దాకా మీ పని

వరుసగా మూడు రోజులు, అందులో ఒకటి సెలవు రోజు అయ్యేలా చూసుకుని, తిన్నదంతా ఎండు బరువుల్లో రాయండి. ఒక్కో దానికి పక్కపక్కనే రెండు గడులు గీయండి: ప్రొటీన్, లైసిన్. కూరగాయల జోలికి పోకండి. పచ్చి బఠానీ తప్ప మిగతావాటి నుంచి వచ్చేది తక్కువే, రాయడంలో విసుగొచ్చి మొత్తం మానేస్తారు. మూడు రోజుల సగటు తీయండి.

సగటు మీ అంకెకు 5 గ్రాముల లోపు తేడాలో ఉంటే ఏమీ మార్చకండి. అంతకంటే తక్కువైతే ఏ పూటలో ప్రొటీన్ అతి తక్కువగా ఉందో దాని కింద గీత గీసి ఉంచండి. చాలామందికి అది పొద్దుటి పూటే అవుతుంది. 4వ పాఠంలో ఆ పూటతోనే మొదలుపెట్టి, ఇప్పుడు తింటున్నవే అటూ ఇటూ మార్చి 15 గ్రాములు ఎలా తేవాలో చేసి చూద్దాం. బి12 విటమిన్ సంగతి 5వ పాఠంలో వస్తుంది. పాలు, గుడ్లు కూడా ముట్టనివాళ్లు మాత్రం అప్పటిదాకా ఆగకుండా ఈ వారంలోనే డాక్టరును అడిగి మాత్రలు మొదలుపెట్టండి, ఎందుకంటే ఎంత పప్పు తిన్నా అది దొరకదు.