ఏపీ పరీక్ష రాయాలా వద్దా: ముందు కాలేజీ పట్టిక తెరవండి

నవంబర్ వచ్చిందంటే అమెరికాలో హైస్కూలు పిల్లలున్న ఇళ్లలో ఒకటే చర్చ. మే నెలలో జరిగే ఏపీ పరీక్షలకి ఇప్పుడే పేరిచ్చి డబ్బు కట్టాలి, ఎన్నిటికి కట్టాలి? ఇండియాలో ఉన్న మా అమ్మకి ఫోన్లో ఈ గొడవ చెబితే "ఏపీ పరీక్షలు అక్కడ కూడా పెడుతున్నారా" అంది, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అని, హైస్కూల్లోనే కాలేజీ స్థాయి పాఠాలు చదివి ఈ పరీక్ష రాస్తే కాలేజీలో కొన్ని కోర్సులు తప్పొచ్చని విడమరిచి చెప్పేసరికి తలప్రాణం తోకకొచ్చింది. మా పెద్దమ్మాయప్పుడు మాకూ ఏం తెలియదు. ఫ్రెండ్సందరూ రాస్తున్నారు కదా అని అన్నిటికీ కట్టేశాం, తీరా కాలేజీలో చేరాక చూస్తే వాటిలో సగం దేనికీ అక్కరకు రాలేదు. చిన్నవాడి దగ్గరికొచ్చేసరికి పద్ధతి మార్చాం, అదే చెబుతున్నాను.

ముందు ఒకటి గుర్తుపెట్టుకోండి: ఏపీ క్లాసు వేరు, ఏపీ పరీక్ష వేరు. క్లాసులో వచ్చిన గ్రేడు ట్రాన్స్‌క్రిప్ట్‌లోకి (స్కూలు మార్కుల రికార్డులోకి) వెళ్తుంది, చాలా స్కూళ్లలో వెయిటెడ్ జీపీఏని, అంటే కష్టమైన క్లాసులకి ఎక్కువ విలువ ఇచ్చి లెక్కేసే గ్రేడుల సగటుని, పెంచేది అదే. పరీక్ష పెట్టేది కాలేజ్ బోర్డ్ అనే సంస్థ, స్కోరు 1 నుంచి 5 దాకా. క్లాసు తీసుకుని పరీక్ష మానేయొచ్చు, క్లాసు లేకుండా సొంతంగా చదువుకుని రాయనూ వచ్చు. కొన్ని స్కూళ్లు మాత్రం క్లాసు తీసుకుంటే పరీక్ష రాయాల్సిందే అంటాయి, కౌన్సెలర్‌ని ఒక మాట అడగండి. ఆ నిబంధన లేకపోతే "క్లాసు తీసుకున్నాంగా, రాయకపోతే ఎలా" అనేది రాయడానికి కారణం కానే కాదు.

ఇక అసలు పని. పిల్లలు అప్లై చేద్దామనుకుంటున్న కాలేజీలు ఓ ఐదారు కాగితం మీద రాసుకుని, ఒక్కోదాని వెబ్‌సైట్లో ఏపీ క్రెడిట్ పట్టిక వెతకండి, ఏ స్కోరుకి ఎన్ని క్రెడిట్లు (డిగ్రీ పూర్తికి లెక్కించే పాయింట్లు) ఇస్తారో అందులో ఉంటుంది. కాలేజ్ బోర్డ్ సైట్లో కూడా కాలేజీ పేరు కొట్టి చూడొచ్చు గానీ చివరి మాట కాలేజీదే. ఒక చోటికీ ఇంకో చోటికీ పొంతన ఉండదు. టెక్సస్‌లో ప్రత్యేక కారణం చూపిస్తే తప్ప 3 స్కోరుకే క్రెడిట్ ఇవ్వాలని ప్రభుత్వ యూనివర్సిటీలకి 2015లో చట్టం చేశారు, కాలిఫోర్నియాలో యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) క్యాంపస్‌లు కూడా 3 వస్తే యూనిట్లు, అంటే క్రెడిట్లు, ఇస్తాయి. అదే ఎంఐటీలో కాల్క్యులస్ బీసీకి (రెండు ఏపీ కాల్క్యులస్ పరీక్షల్లో పెద్దదానికి) 5 వస్తేనే మొదటి కాల్క్యులస్ కోర్సు తప్పుతుంది. క్యాల్‌టెక్ అసలు క్రెడిటే ఇవ్వదు. డార్ట్‌మత్ 2018లో డిగ్రీ పూర్తి చేసే బ్యాచ్ నుంచి ఆపేసింది.

పట్టికలో మూడు క్రెడిట్లు, నాలుగు క్రెడిట్లు అని కనబడగానే సంబరపడిపోకండి, మేం దెబ్బతిన్నది అక్కడే. ఆ క్రెడిట్ ఏ కోర్సు బదులు ఇస్తున్నారో చూడాలి. పక్కన ఫలానా కోర్సు నంబరు ఉండి, ఆ కోర్సు మీవాళ్ల మేజర్‌కో (డిగ్రీలో ముఖ్యంగా చదివే సబ్జెక్టుకో) అందరికీ తప్పనిసరి అయిన జనరల్ ఎడ్యుకేషన్‌కో కావలసిందైతే దానికి విలువ ఉన్నట్టు. ఉత్త ఎలెక్టివ్ (ఇష్టమైతే తీసుకునే కోర్సు) అని ఉంటే మొత్తం సంఖ్య పెరుగుతుందే గానీ చదవాల్సిన కోర్సు ఒక్కటీ తగ్గకపోవచ్చు. ఫిజిక్స్ 1, ఫిజిక్స్ 2 ఆల్జీబ్రాతో నడిచేవి, ఇంజనీరింగ్ వాళ్లకి కావలసింది కాల్క్యులస్‌తో చెప్పే ఫిజిక్స్, అంటే ఫిజిక్స్ సీ. ఇంజనీరింగ్‌కి వెళ్లే పిల్ల ఫిజిక్స్ 1లో 5 తెచ్చుకున్నా కాలేజీలో మళ్లీ మెకానిక్స్ చదవాల్సిందే, చాలా చోట్ల. కాల్క్యులస్ బీసీ మాత్రం రాయదగ్గ పరీక్ష, మంచి స్కోరు వస్తే చాలా కాలేజీల్లో రెండు సెమిస్టర్ల లెక్కలు తప్పుతాయి.

డబ్బు సంగతి. పరీక్ష ఒక్కోటి దాదాపు 100 డాలర్లు, ఆదాయం తక్కువున్న కుటుంబాలకి తగ్గింపు ఉంది. కాలేజీలో కోర్సుకి వేలల్లో అవుతుంది కదా, ఎంత మిగులుతుందో అని అందరూ లెక్కేస్తారు, నేనూ వేశాను. కానీ చాలా కాలేజీల్లో సెమిస్టర్‌కి 12 నుంచి ఓ 18 క్రెడిట్ల దాకా ఫీజు ఒకటే. ఒక కోర్సు తగ్గినా పైసా తగ్గదు. పూర్తిగా ఒక సెమిస్టర్ ముందే డిగ్రీ అయిపోతేనో, క్రెడిట్ లెక్కన ఫీజు తీసుకునే కాలేజీ అయితేనో నిజంగా మిగులుతుంది. లేకపోతే దక్కేది ఊపిరి పీల్చుకునే సమయం, మేజర్ పక్కన ఇంకో చిన్న సబ్జెక్టుకి (మైనర్‌కి) చోటు, కొన్ని కాలేజీల్లో క్లాసుల రిజిస్ట్రేషన్లో ముందు వరస. అవీ తక్కువేం కాదు.

క్రెడిట్ వచ్చింది కదా అని ప్రతిదీ దాటేయడం కూడా తప్పే. మెడిసిన్ అనుకునేవాళ్లు మరీ జాగ్రత్త, బయాలజీ, కెమిస్ట్రీల్లో ఏపీ క్రెడిట్‌ని ఒప్పుకోని మెడికల్ స్కూళ్లు ఉన్నాయి, ఒప్పుకున్నా పైస్థాయి కోర్సులు చదివి చూపించమనేవి ఉన్నాయి. లెక్కల్లో అనుమానం ఉంటే ఆ కాలేజీ పాత కాల్క్యులస్ ఫైనల్ పేపరు దొరికితే ఇంట్లో టైం పెట్టుకుని చేయించండి, తడబడితే మళ్లీ ఆ కోర్సే చదవడం మంచిది. 4 వచ్చిందని నేరుగా కాల్క్యులస్ 3లో కూర్చుని మొదటి సెమిస్టర్లోనే జీపీఏ పోగొట్టుకుంటే ఆ టెన్షన్ ఎవరు పడతారు?

పదకొండో తరగతిలో రాసే పరీక్షల స్కోర్లు జులైలో వస్తాయి, అంటే అప్లికేషన్ నాటికి చేతిలో ఉంటాయి, బాగుంటే అడ్మిషన్‌కి సాయపడతాయి. వాటిని రాయడానికే మొగ్గు చూపండి. సీనియర్ సంవత్సరంలో, అంటే పన్నెండో తరగతిలో, రాసేవి అడ్మిషన్‌కి పనికిరావు, అప్పటికి కాలేజీల నిర్ణయాలు వచ్చేసి ఉంటాయి. సాధారణంగా మే 1కి కాలేజీ ఖాయమవుతుంది, పరీక్షలు ఆ తర్వాతి రెండు వారాల్లో. అప్పుడు చూడాల్సింది ఆ కాలేజీ పట్టిక ఒక్కటే. అందులో లాభం లేదని తేలిన పరీక్షని వదిలేయండి, రాయనందుకు 40 డాలర్లు పోతాయి, మిగతాది తిరిగి వస్తుందా లేదా స్కూలుని అడగాలి. పనికిరాని పరీక్ష కోసం ఏప్రిల్ నెలంతా రాత్రుళ్లు మేలుకోవడం కన్నా ఆ 40 పోవడమే నయం.

మీ స్కూల్లో డ్యుయల్ ఎన్‌రోల్‌మెంట్, అంటే హైస్కూల్లో ఉండగానే కాలేజీ కోర్సు చదివే పద్ధతి, ఉండి, పిల్లలు అదే రాష్ట్రంలో ప్రభుత్వ యూనివర్సిటీకి వెళ్లే ఆలోచనలో ఉంటే అదీ చూడండి. ఒక్కరోజు పరీక్ష మీద ఆధారపడక్కర్లేదు, కాకపోతే అక్కడ వచ్చిన గ్రేడు కాలేజీ రికార్డులో శాశ్వతంగా ఉండిపోతుంది.

స్కోరు దానంతట అది కాలేజీకి వెళ్లదు. జూన్ 20 లోపు కాలేజ్ బోర్డ్ అకౌంట్‌లో చెబితే ఆ ఏడు ఒక కాలేజీకి ఉచితంగా పంపుతారు, తర్వాతైతే డబ్బులు. మేం ఆ పని మర్చిపోయాం. మా పెద్దమ్మాయి సైకాలజీలో 5 తెచ్చుకుని, అదే సైకాలజీ క్లాసులో మూడు వారాలు కూర్చున్నాక అడ్వైజర్ అడిగితే తెలిసింది.