పడమటి గాలి రోజున గ్లైడర్ పోటీ: ఎత్తు ఎక్కడ సంపాదించాలి

ఆషాఢపు గాలిలో మహబూబ్‌నగర్ రోడ్ల మీద సైకిలు తొక్కినవారికి తెలుసు, పోయేటప్పుడు కలిసొచ్చిన సమయం వచ్చేటప్పటి నష్టాన్ని పూడ్చదని. ఇంజను లేని గ్లైడర్‌కూ అదే లెక్క. పటం పరచుకొని, జడ్చర్ల నుంచి తూర్పున సుమారు 80 కిలోమీటర్ల దూరంలోని దేవరకొండకు వెళ్ళి తిరిగి రావడమే పోటీ మార్గమని ఊహించుకోండి. గాలి లేనప్పుడు గంటకు సగటున 80 కిలోమీటర్లు సాగే పైలట్‌కు రెండు గంటలు చాలు. గంటకు 30 కిలోమీటర్ల పడమటి గాలి ఉంటే పోవడానికి 44 నిమిషాలు, రావడానికి 96 నిమిషాలు పడుతుంది. అంటే 20 నిమిషాలు అదనం.

కొత్తవారు ముక్కు దించి, వేగం పెంచి ఈ నష్టాన్ని పూడ్చుకోవాలని చూస్తారు. అది పొరపాటు. థర్మల్ (వేడెక్కిన నేల నుంచి పైకి లేచే గాలి; గ్లైడర్ అందులో చుట్లు తిరుగుతూ ఎత్తు సంపాదిస్తుంది) కూడా గ్లైడర్‌తో పాటు అదే గాలిలో కొట్టుకుపోతుంటుంది కనుక, దారిలో మన వేగాన్ని నిర్ణయించవలసింది ముందు దొరకబోయే థర్మల్ బలమే. ఆరు నిమిషాలు చుట్లు తిరిగితే ఈ గాలి మనల్ని 3 కిలోమీటర్లు తూర్పుకు నెడుతుంది. ఆ ఎత్తును దేవరకొండ చేరకముందే సంపాదిస్తే ఆ దూరం మన దారిలో కలుస్తుంది. మలుపు తిరిగాక సంపాదిస్తే దానిని ఎదురుగాలిలో మళ్ళీ గడించుకోవాలి. మలుపు గాలికి ఎదురు దిక్కున ఉన్నప్పుడు మాత్రం తక్కువ ఎత్తులో తిరిగి, ఆ తర్వాత పైకెక్కడం మేలు. తిరుగు దారిలో బలహీనమైన థర్మల్ దగ్గర ఆగకూడదు. మేఘాలు గాలివాలుకు వరుస కట్టి ఉంటే వాటి కింద నేరుగా సాగాలి.

ఎండిన చెలకలు, బండల గుట్టలు థర్మల్‌కు పుట్టిళ్ళు. చెరువులు, నీళ్ళు నిలిచిన మడులు కావు. గాలికి థర్మల్ వాలుతుంది కనుక పైన ఉన్నప్పుడు గుట్టకు తూర్పున, కిందికి జారినప్పుడు గుట్ట దగ్గరే వెతకాలి. దేవరకొండ ఖిల్లా వంటి గుట్టల పడమటి ముఖాన గాలి పైకి ఎగబాకుతుంది, తూర్పున సుళ్ళు తిరుగుతూ కిందికి కూలుతుంది; తక్కువ ఎత్తులో ఆ చాటుకు ఎన్నడూ పోరాదు.

గాలి వేగాన్ని లెక్కలోకి తీసుకోవలసింది చివరి జారుడులోనే, అంటే ఇక ఎత్తు సంపాదించకుండా గమ్యం దాకా జారే ఆఖరి దూరంలోనే. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో, వెయ్యి మీటర్ల ఎత్తు నుంచి 40 కిలోమీటర్లు జారే గ్లైడర్, అదే వేగంతో ఈ ఎదురుగాలిలో 28 కిలోమీటర్లే జారుతుంది. ఎదురుగాలి వేగంలో సుమారు సగాన్ని మన వేగానికి కలిపితే కొంత మెరుగు. నేనైతే లెక్కకు వచ్చిన ఎత్తుకు పైన 300 మీటర్ల మిగులు లేకుండా ఆ జారుడుకు బయలుదేరను.

చేనులో దిగవలసి వస్తే ముందుగా గాలి దిక్కు చూడాలి. చెరువులో ఏ ఒడ్డు వెంబడి నీరు అలలు లేకుండా నున్నగా ఉంటుందో, గాలి ఆ వైపు నుంచే వస్తున్నట్లు. దిగే వేగానికి కూడా గాలి వేగంలో సగం కలపాలి, ఎందుకంటే నేలకు దగ్గరవుతున్న కొద్దీ గాలి తగ్గి, రెక్క మీది వేగం ఒక్కసారిగా పడిపోతుంది. ఒకసారి నేను దీనిని మరచి, ఎంచుకున్న చేనుకు ముందరి గెట్టు మీదే చక్రం మోపాను. గ్లైడర్ ఆగిన తర్వాత కూడా తొందరపడి దిగరాదు. ఎవరైనా వచ్చి గాలివైపు రెక్కను పట్టుకొనే దాకా ఎయిర్‌బ్రేకులు (రెక్కల ఎత్తే బలాన్ని తగ్గించే పలకలు) తెరిచి ఉంచి, కాక్‌పిట్‌లోనే కూర్చోవాలి.