వాన నీళ్లు వేరు, మురుగు వేరు

హైదరాబాద్‌లో ఇల్లు కట్టుకునేవాళ్లకు ప్లంబర్‌గా నేను ముందు చెప్పేది ఇదే: డాబా మీది వాన నీటి గొట్టాన్ని మురుగు గొట్టంలో కలపవద్దు. కలిపితే పని చవకగా తేలిపోతుంది, నిజమే. జడివాన పడగానే వీధిలోని మ్యాన్‌హోల్ పొంగి, మీ కింది అంతస్తు బాత్‌రూమ్ జాలీలోంచి మురుగు పైకి తన్నుతుంది. వాన నీటిని ఇంకుడు గుంతకు మళ్లించండి. అడుగున పెద్ద రాళ్లు, పైన కంకర, ఆపైన దొడ్డు ఇసుక.

మురుగు కనెక్షన్‌కు జలమండలికి (నగర నీటి సరఫరా, మురుగునీటి బోర్డు) దరఖాస్తు చేయండి. అనుమతి రాకముందే రోడ్డు తవ్వనివ్వకండి.

ప్రహరీ లోపల మురుగు గొట్టం చివర సిల్ట్ చాంబర్ (పూడిక ఆగే తొట్టి) కట్టించండి. బయటికి పోయే గొట్టం నోరు దాని అడుగుకంటే ఎత్తులో ఉండాలి. అప్పుడే మట్టి, ఇసుక కింద ఆగుతాయి, ఏడాదికోసారి ఎత్తి పారేయవచ్చు. దాని మూత మీద టైల్స్ పరిచేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది!

నాలుగంగుళాల గొట్టానికి పది అడుగులకు మూడంగుళాల వాలు ఇప్పించండి. పూడ్చకముందే బకెట్ నీళ్లు పోసి, ఎక్కడైనా నిలుస్తున్నాయేమో చూడండి.

తరువాత ఎప్పుడైనా వీధి లైను మూసుకుపోతే జలమండలి నంబరు 155313కు ఫోన్ చేయండి. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని మ్యాన్‌హోల్‌లోకి దింపడం, మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం.