ఆటోమేటిక్ గేర్‌బాక్స్ షిఫ్ట్ పాయింట్లను సరిచేసుకునే పద్ధతి

ఇంజిన్ శక్తి పెంచిన కారుకు షిఫ్ట్ పాయింట్లు, అంటే గేరు మారే ఆర్‌పీఎంలు (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు), కూడా మార్చాలన్నది నిజమే గాని, ప్రతి గేరునూ రెడ్‌లైన్ (ఇంజిన్ దాటకూడని ఆర్‌పీఎం) దాకా లాగితేనే కారు త్వరగా వేగం అందుకుంటుందన్న నమ్మకం మాత్రం సరైనది కాదు. గేరు ఎక్కడ మారాలో ఇంజిన్ పవర్ కర్వ్ (ఏ ఆర్‌పీఎం వద్ద ఎంత శక్తి వస్తుందో చూపే గీత), గేర్ నిష్పత్తులు కలిసి నిర్ణయిస్తాయి కాబట్టి ఒక్కో గేరుకు ఒక్కో ఆర్‌పీఎం వస్తుంది.

ముందుగా గేర్‌బాక్స్ ఆయిల్ సంగతి చూడండి. జీవితకాలం మార్చనక్కర్లేదని షోరూముల్లో చెప్పే మాటను నమ్మవద్దు; 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమని గేర్‌బాక్స్‌లు తయారుచేసే జడ్‌ఎఫ్ సంస్థే సూచిస్తోంది.

తర్వాత డైనో (ఇంజిన్ శక్తిని కొలిచే యంత్రం) మీద పవర్ కర్వ్ తీయించండి. మే నెల చెన్నై వేడిలో టర్బో ఇంజిన్ పై ఆర్‌పీఎంలలో శక్తిని ఎక్కువగా కోల్పోతుంది, అందుకే జనవరిలో తీసిన కర్వ్‌ను ఆధారం చేసుకుని వేసవి కోసం మ్యాప్ (గేర్‌బాక్స్ కంప్యూటర్‌లో ఉండే షిఫ్ట్ పాయింట్ల పట్టిక) రాయడం మంచిది కాదు. బీఎండబ్ల్యూ 3 సిరీస్‌లో వాడిన జడ్‌ఎఫ్ 8హెచ్‌పీ45 గేర్‌బాక్స్‌ను ఉదాహరణగా తీసుకుందాం. దాని రెండు, మూడు, నాలుగు గేర్ల నిష్పత్తులు 3.143, 2.106, 1.667. అంటే 6,500 ఆర్‌పీఎం వద్ద రెండు నుంచి మూడుకు మారితే ఇంజిన్ సుమారు 4,355కు పడుతుంది. మూడు నుంచి నాలుగుకు మారితే 5,145కే ఆగుతుంది. ఇప్పుడు 6,500 వద్ద 215 హార్స్‌పవర్, 4,355 వద్ద 190, 5,145 వద్ద 225 ఉన్నాయనుకుందాం. రెండో గేరును 6,500 దాకా పట్టి ఉంచడం లాభమే, కానీ మూడో గేరుకు అది అప్పటికే ఆలస్యం. మారకముందు శక్తి, మారిన తర్వాతి శక్తి సమానమయ్యే చోటు దొరికేదాకా మూడో గేరు షిఫ్ట్ పాయింట్‌ను 100 ఆర్‌పీఎం చొప్పున దించుకుంటూ రండి.

టీసీయూ (గేర్‌బాక్స్‌ను నడిపే కంప్యూటర్) ఆదేశం ఇచ్చిన క్షణానికీ క్లచ్‌లు పట్టుకునే క్షణానికీ మధ్య ఇంజిన్ ఇంకా పైకి పోతూనే ఉంటుంది. ఈ తేడా కింది గేర్లలో ఎక్కువ. లాగ్‌లో (కారు నడిచేటప్పుడు నమోదైన అంకెల్లో) దాన్ని కొలిచి, మ్యాప్‌లో రాసే అంకెను అంత మేరకు తగ్గించాలి.

మ్యాప్‌లో సగం యాక్సిలరేటర్ లోపు ఉండే భాగాన్ని దాదాపుగా ముట్టుకోకపోవడమే మేలని నా అభిప్రాయం. చెన్నై అన్నాసలై ట్రాఫిక్‌లో కారు నడిచేది ఆ భాగంలోనే. మార్చక తప్పకపోతే, పై గేరుకు మారే వేగానికీ కింది గేరుకు దిగే వేగానికీ మధ్య తగినంత ఎడం ఉంచండి, లేకపోతే గేర్‌బాక్స్ ఆ రెండు గేర్ల మధ్య ఊగిసలాడుతుంది. కిక్‌డౌన్ (యాక్సిలరేటర్ గట్టిగా నొక్కినప్పుడు గేరు కిందికి దిగడం) విషయంలో లెక్కను తిరగేసి చూడాలి: మూడులో 4,355 దాటాక రెండుకు దిగితే ఇంజిన్ 6,500 దాటిపోతుంది, అందువల్ల 4,100 దగ్గరే హద్దు గీయండి.

పరీక్షకు ఈసీఆర్ (చెన్నై తీరం వెంట వెళ్లే ఈస్ట్ కోస్ట్ రోడ్డు) తగదు; చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై రేస్ ట్రాక్‌లో ప్రాక్టీస్ రోజులు చూసుకుని వెళ్లండి. మార్చకముందున్న పాత మ్యాప్ ఫైల్ కాపీ వెంట ఉంచుకోండి. ఆయిల్ 80 డిగ్రీలకు చేరాకే లాగ్ చేయడం మొదలుపెట్టి, ప్రతి షిఫ్ట్ తర్వాత టర్బైన్ వేగం (గేర్‌బాక్స్‌లోకి వచ్చే వేగం), అవుట్‌పుట్ వేగాన్ని (గేర్‌బాక్స్ నుంచి బయటికి వెళ్లే వేగాన్ని) ఆ గేరు నిష్పత్తితో గుణిస్తే వచ్చే అంకెకు వెంటనే సరిపోతోందో లేదో చూడండి. సరిపోవడం ఆలస్యమైతే క్లచ్ జారుతున్నట్టే. అప్పుడు ఆర్‌పీఎం ఇంకా పెంచకుండా పాత ఫైల్ ఎక్కించి, లైన్ ప్రెషర్‌నూ (క్లచ్‌లను నొక్కిపట్టే ఆయిల్ ఒత్తిడినీ) క్లచ్‌లనూ తనిఖీ చేయించాలి.